మనుషులున్న ఇళ్లకు తలుపు బొట్టు

ఎవరైనా ఎదురొచ్చి "బాగుండావా పిల్లా?" అంటే, "బాగుండా" అని చెప్పడానికి నాకు ఒక పూట పట్టేది. జవాబు దొరికేసరికి ఆ అడిగిన మనిషి రైలుకట్ట దాటి, ఇంటికి పోయి, అన్నం తిని, ఓ కునుకు కూడా తీసి ఉండేది. తర్వాత రెండు రోజులు ఆ జవాబును నాలో నేనే రకరకాలుగా చెప్పుకునేదాన్ని. ఒకసారి నవ్వుతూ, ఒకసారి తల వంచుకొని, ఒకసారి "మీరెట్లుండారత్తా?" అని ఎదురు మర్యాద కూడా కలిపి. మూడోరోజు ఆమె మళ్లీ ఎదురయ్యేది. నేను పక్క సందులోకి తిరిగేదాన్ని.

"దుకాణం వాళ్ల పిల్లకు తలపొగరమ్మా, పలకరిస్తే పలకదు" అని వీధిలో అనుకునేవాళ్లు. పొగరా నా మొహమా! లోపల గుండె డబడబా కొట్టుకుంటుంటే పొగరు ఎక్కడ కూర్చుంటుంది? అయితే కోపం మాత్రం దండిగా ఉండేది. మనసులో నేను తిట్టని మనిషి గిద్దలూరులో లేదు. ఎంత గొప్పగా తిట్టేదాన్నంటే, అవి బయటికి వచ్చుంటే నన్ను చూసి ఊరే పక్క సందులోకి తిరిగేది. నోరు తెరిస్తే మాత్రం "ఊ" అనే ముక్క తప్ప ఇంకోటి వచ్చేది కాదు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయిన కొత్త. మా నాయన దుకాణం ముందు బల్ల మీద పెద్దమనుషులు చేరి, చేతికొచ్చిన రాజధాని పోయిందని పొద్దస్తమానం బాధపడుతుండేవాళ్లు. నా బాధల్లా ఆ బల్ల దాటి దుకాణంలోకి పోవడం ఎట్లా అని. నాయనకు మజ్జిగ చెంబు అందించాలంటే అంతమంది మగవాళ్ల ముందు నుంచి నడవాలి. నేను వెనక సందులోంచి పోయి, కిటికీ రెక్క మీద గాజుతో టకటకా కొట్టేదాన్ని. నాయన కిటికీ తీసి చెంబు అందుకొని "వచ్చినావా దొంగపిల్లీ" అనేవాడు. ఎండాకాలమంతా ఆయన దొంగసొత్తులాగా కిటికీలోంచే మజ్జిగ తాగాడు పాపం.

చేతులు ఖాళీగా ఉంటేనే జనం ఆపి మాట్లాడిస్తారని కూడా కనిపెట్టాను. అందుకని బయటికి పోతే చంకలో బింద ఉండాల్సిందే. నీళ్లు లేకపోయినా బరువు మోస్తున్నదాన్లాగా ఒక పక్కకు వంగి నడిచేదాన్ని. ఒకరోజు ఎవరో పెద్దామె జాలిపడి "ఇటు తే తల్లీ, కొంచెం దూరం నేను మోస్తా" అని బింద లాక్కుంది. ఖాళీ బింద ఆమె చేతిలో సర్రున పైకి లేచింది. ఆమె బిందలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. నేను బిందను ఆమెకే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. సాయంత్రం ఆ బిందను మా అమ్మ పోయి తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇదంతా ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, నేనేమీ బాగుపడలేదు. ఈ వయసులో కూడా ఫోను మోగితే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటింట్లోకి పోతాను.

మా ఇంట్లో నేను బెరుకు లేకుండా మాట్లాడింది వదినతోనే. మా అన్న భార్య. రాచర్ల పక్క పల్లె ఆమెది. చిన్నప్పుడే తల్లి పోయింది. నేను ఒక మాట కోసం ఎంతసేపు వెతుక్కున్నా ఆమె చేతిలో పని చేసుకుంటూ ఉండేది. నా బదులు తాను పూర్తి చేసేది కాదు, "చెప్పు, చెప్పు" అని తరిమేది కాదు. అందుకేనేమో ఆమె దగ్గర మాటలు వాటంతట అవే వచ్చేవి. ఒక్కోసారి నేను ఆగకుండా వాగుతుంటే మా అవ్వ గడపలో నిలబడి "ఇది మన పిల్లేనా?" అని చూసిపోయేది.

వదినకు మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోసారి నిలిచింది. ఏడో నెల వచ్చింది. గాజులు తొడిగే వేడుక మామూలుగా తల్లిగారు చేస్తారు. "తల్లి ల్యాకపోతే ఏంది, నేను ల్యానా?" అని మా అమ్మ పూనుకుంది. ఇరవై రెండిళ్ల ముత్తైదువలను పిలవాలని లెక్క వేసింది. వాళ్లు ఒక్కొక్కరూ వదిన చేతికి గాజులు తొడిగి, అక్షింతలు వేసి, తల్లీబిడ్డా చల్లగా ఉండాలని దీవిస్తారు. ఎంతమంది చేతులు పడితే అంత మేలని మా దగ్గర నమ్మకం. ఎవరూ రాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. అట్లా ఎవరింట్లోనూ జరిగినట్టు లేదు.

వేడుకకు రెండు రోజుల ముందు నీళ్లు చేదబోయి అమ్మ కాలు బెణికించుకుంది. మడమ వాచి కాలు కింద మోపలేకపోయింది. బొట్టు పెట్టి పిలవడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? వదిన తన వేడుకకు తానే పోయి పిలవకూడదు. అవ్వ పోకూడదు, తాత పోయినప్పటి నుంచి ఆమె ఎవరికీ బొట్టు పెట్టకూడదు. మా అవ్వ నోరు విప్పితే రైలు కూత వినపడదు. ఆమెకు నోరుంది, బొట్టు పెట్టే హక్కు లేదు. నాకు ఆ హక్కుంది, నోరు లేదు. దేవుడు మా ఇంట్లో సరుకు సర్దేటప్పుడు ఎక్కడో ధ్యాస తప్పాడు.

"రేపు సాయంత్రం నాలుగ్గంటలకు మా వదినకు గాజులు తొడుగుతాండము, మీరు తప్పకుండా రావల్ల. ఇంతే గదే! ఇది గూడా చెప్పల్యావా?" అంది అవ్వ.

నేను దొడ్లో బర్రెదూడ ముందు నిలబడి ఇరవైసార్లు చెప్పుకున్నాను. దూడకు చెప్పినప్పుడు ఎంత చక్కగా వచ్చిందో! గొంతు వణకలేదు, ఒక్క మాట తడబడలేదు. దూడే గనక ముత్తైదువ అయ్యుంటే తప్పకుండా వచ్చేది.

నేను బయలుదేరుతుంటే అవ్వ ఇంకో మాట చెప్పింది. "యారన్నా ఇంటికి తాళమేసి యాడికన్నా పోయింటే, తలుపుకు బొట్టు పెట్టి, వచ్చినాక చెప్పమని పక్కింటోళ్లకు చెప్పి రా." ఇది మావైపు అందరికీ తెలిసిన పద్ధతే. తలుపుకు బొట్టు పెడితే పిలిచినట్టే లెక్క. కాకపోతే ఎవరు పిలిచారో, ఎందుకు పిలిచారో పక్కింటివాళ్లు చెబుతారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కుంకుమ భరిణె పట్టుకొని వీధిలో పడ్డాను. మొదటి ఇంటికి నిజంగానే తాళం వేసి ఉంది. ఆ తాళాన్ని చూసి ఎంత సంతోషపడ్డానో! ముద్దు పెట్టుకుందామా అనిపించింది. తలుపు మధ్యలో ముచ్చటగా బొట్టు పెట్టాను. పక్కింటివాళ్లకు చెప్పాలి కదా, ఆ ఇంట్లో ఎట్లాగూ పిలవాలి, అప్పుడే చెబుదాం అనుకొని ముందుకు నడిచాను.

ఆ పక్కిల్లు పెద్దత్తది. ఆమె మాకు చుట్టమేమీ కాదు, వీధి వీధంతా ఆమెను పెద్దత్త అనే పిలిచేది. నలుగురు కోడళ్లను కంటిచూపుతో నడిపే మనిషి. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నుంచి ఆమె గొంతు వస్తోంది. మజ్జిగలో నీళ్లెక్కువయ్యాయని ఎవరో కోడల్ని వాయిస్తోంది. నా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి. చేతులకు చెమటలు కారుతున్నాయి. వేళ్ల మధ్య కుంకుమ తడిసి ముద్దయింది. చెప్పాల్సిన మాటను గుర్తు చేసుకోబోయాను. "రేపు నాలుగు వదినలకు సాయంత్రం తొడుగుతాండము" అని వచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి దూడ గుర్తొచ్చింది.

లోపల అడుగుల చప్పుడైంది. నేను ఆ ముద్దను తలుపుకు అంటించి పారిపోయాను.

సందు చివర నిలబడి ఊపిరి పీల్చుకున్నాను. ఎవరూ వెంటపడలేదు. ఆకాశం విరిగి పడలేదు. ఓహో, ఇంతేనా అనిపించింది. మూడో ఇంట్లో ఎవరో దంచుతున్నారు, తలుపుకు బొట్టు. నాలుగో ఇంట్లో చంటిబిడ్డ ఏడుస్తోంది, తలుపుకు బొట్టు. పదో ఇంటికి వచ్చేసరికి నేను ఎంత దర్జాగా పెట్టానంటే, ఊళ్లో తలుపులన్నిటికీ బొట్లు పెట్టడానికే పుట్టినదాన్లాగా ఉన్నాను. మా అమ్మకు ఒక పూటంతా పట్టే పనిని అరగంటలో ముగించి ఇంటికొచ్చాను.

"అప్పుడే అయిపాయనా?" అంది అమ్మ అనుమానంగా. "ఎవరెవరు ఏమన్నారే?"

అప్పుడు చూడాలి నా ప్రతాపం. వీధిలో ఒక్క మాట పెగలని నోరు ఇంట్లో గలగలా మొదలుపెట్టింది. ఇరవై రెండు ఇళ్లు, ఇరవై రెండు జవాబులు. ఒకామెకు మోకాళ్ల నొప్పులైనా వస్తుందంట. ఒకామె మార్కాపురం నుంచి వచ్చిన చెల్లెల్ని కూడా తీసుకొస్తుందంట. గొంతులు మార్చి మార్చి చెప్పాను. వదిన కడుపు పట్టుకొని నవ్వింది.

"పెద్దత్త ఏమనింది పాపా?" అని అడిగింది వదిన.

"నేను ల్యాకుండా మీ ఇంట్లో గాజులేంది, అందరికంటే ముందర నేనే తొడుగుతా అనింది వదినా."

"అట్ల అనిందా! పెద్దత్తా!" వదిన మొహం వెలిగిపోయింది. "ఆమె ఏడుమంది బిడ్డల్ని కన్న తల్లి. ఆమె చెయ్యి పడితే చాలు నాకు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇంకా రెండు మాటలు కలిపాను.

మరుసటి రోజు పొద్దున నీళ్లకు పోతూ చూస్తే వీధిలో నాలుగైదు ఇళ్ల ముందు ఆడవాళ్లు తలుపులు రుద్ది రుద్ది కడుగుతున్నారు. "ఇంట్లో మనుషులు ఉండంగా తలుపుకు బొట్టేంది? ఎవురు పెట్టినారో, ఏం చేసి పెట్టినారో!" అని ఒకామె పసుపునీళ్లు చల్లుతోంది. పక్కామె గడపకు రెండువైపులా నిమ్మకాయ బద్దలు పెట్టింది. ఇంకోవైపు ఇద్దరు గుసగుసలాడుతున్నారు. మా ఇంటి వేడుక సంగతి వాళ్ల చెవిన పడినట్టుంది. "వాళ్లే అయితే మాత్రం? మేము చచ్చినామా, గడప దాటి లోపలికొచ్చి పిలిచేదానికి?" అంటోంది ఒకామె.

అంటే కొందరికి ఎవరు పిలిచారో తెలియదు, తెలిసినవాళ్లకు ఒళ్లు మండిపోతోంది. ఎటు చూసినా ఒక్కరు కూడా రారు. పద్నాలుగేళ్ల బుర్రకు కూడా ఆ సంగతి అర్థమైంది. బిందలో నీళ్లు లేకుండానే ఇంటికొచ్చి, జ్వరం వస్తే బాగుండునని నుదుటి మీద చెయ్యి వేసి చూసుకున్నాను. చల్లగా ఉంది. ఒళ్లు కూడా నా మాట వినలేదు. ఇంకా పొద్దుంది, చెబుదాంలే అనుకున్నాను. మధ్యాహ్నమైంది. అన్నాలవగానే చెబుదాంలే అనుకున్నాను. అన్నాలయ్యాయి.

నాలుగింటికి వదిన తలంటు పోసుకొని, ఆకుపచ్చ చీర కట్టుకొని పీట మీద కూర్చుంది. గాజులాయన మలారం భుజానేసుకొని వచ్చాడు. ఆ గాజుల దండలన్నీ చాప మీద విప్పి, పచ్చవి ఒక పక్క, ఎర్రవి ఒక పక్క పేర్చాడు. అమ్మ కాలు చాపుకొని కూర్చునే తాంబూలాలు సర్దింది. ఇరవై రెండు తాంబూలాలు, రెండు ఎక్కువ. వదిన మాటిమాటికీ వాకిలి వైపు చూస్తోంది. చప్పుడైనప్పుడల్లా కొంగు సర్దుకుంటోంది. ఒకసారి కుక్క, ఒకసారి మా అన్న.

ఐదైంది. నంద్యాల వైపు పోయే బండి కూత వేసి పోయింది. "ఇంగో ఇంటికి పోయేదుంది తల్లీ" అని గాజులాయన గొణిగాడు. అవ్వ వీధిలోకి పోయి అటూ ఇటూ చూసి లోపలికి వచ్చింది. అమ్మ తాంబూలాల మీద తడిగుడ్డ కప్పింది.

నేను వెనక పంచలో తలుపు చాటున ఉన్నాను. వదిన అవ్వను దగ్గరికి పిలవడం వినపడింది.

"అవ్వా, వాళ్లనేం అనొద్దండి. నా మొదటి బిడ్డ నిలవలేదు గదా. నా చేతికి గాజులేస్తే వాళ్లకు గూడా కీడు తగుల్తాదని రాలేదేమో. ఎవురింట్లో పిల్లలు వాళ్లకు ముఖ్యం. పోయినసారి గూడా తప్పు నాలోనే ఉండాదేమో."

రైలు కూతను మింగేసే మా అవ్వ ముక్కు చీదడం మాత్రం వినపడింది.

ఆ మాట వింటూనే నేను లోపలికి ఉరికి చెప్పేసి ఉండాలి. ఏ మనిషైనా ఆ పనే చేస్తుంది. నేనేం చేశానో తెలుసా? దొడ్లోకి పోయి, గుడ్డలుతికే రాయి దగ్గర కూర్చొని, చెంబు తోమాను. పొద్దున్నే తోమిన చెంబు. చింతపండు, బూడిద పెట్టి మళ్లీ తోమాను. తోముతూ, ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచించాను. "వదినా" అంటాను, తల తిప్పుతుంది. అమ్మ చూస్తుంది, అవ్వ చూస్తుంది, గాజులాయన కూడా చూస్తాడు. ఆ తర్వాత ఏమంటాను? నాలుగు రకాలుగా చెప్పుకొని చూశాను. ఒకటీ కుదరలేదు. చెంబు కడిగి, ఇంకో రెండుసార్లు తోమాను. సిగ్గు లేకపోతే సరి, ఆ సమయంలో కూడా గాజులాయన ఏమనుకుంటాడా అని ఆలోచిస్తున్నాను.

చివరికి చెంబు అక్కడే పడేసి లేచాను. వదిన ముందుకు పోయే ధైర్యం రాలేదు. దొడ్డి తలుపు తీసుకొని పెద్దత్త ఇంటికి పరుగెత్తాను. ఆ ఒక్క మొహాన్ని చూడటం కంటే ఇరవై రెండు ఇళ్లు తేలిక అనిపించింది.

పెద్దత్త అరుగు మీద బియ్యం చెరుగుతోంది. పక్కన ఇద్దరు కోడళ్లు.

"నేనే పెద్దత్తా" అన్నాను రొప్పుతూ.

"ఏంది నువ్వే?"

"బొట్టు. తలుపుకు. నేనే పెట్టినా. మీరు లోపలుండారని తెలుసు. భయమేసింది. పక్కింటోళ్లకు గూడా చెప్పలా. అందరిండ్లకూ అట్లనే పెట్టినా. ఈ పొద్దే మా వదినకు గాజులు. ఎవురూ రాలా. తన బిడ్డ చచ్చిపోయినందుకే ఎవురూ రాలేదనుకుంటాంది మా వదిన. అందరూ పిలుపొప్పుకున్నారని నేను అబద్ధం చెప్పినా. మీరే ముందర తొడుగుతామన్నారని గూడా చెప్పినా!"

చివరి మాటలకు నేను అరుస్తున్నాను. నా గొంతు అంత గట్టిదని నాకే తెలియదు.

పెద్దత్త చేట కింద పెట్టింది. "నీ నోట్లో మన్ను బొయ్య! నిన్నట్నించి నా వాకిట్లో దిష్టి తీయని మనిషి ల్యాడు. మా చిన్నకోడలు బువ్వ తినకుండా వణుకుతాంది. నేనేమన్నా పులినా? నిన్ను కొరుకుతానా? ఆ తల్లి లేని పిల్లను పీటమీద కూచోబెట్టి..." తిడుతూనే జుట్టు ముడేసుకుంది. తిడుతూనే మొహం కడుక్కుంది. తిడుతూనే మంచి చీర మార్చుకొని, కోడళ్లను నలుగురినీ లేపి, నా జబ్బ పట్టుకొని వీధిలోకి లాక్కొచ్చింది.

"పద. ప్రతి ఇంటికీ పద. నేను చెప్పను. నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. రెండో ఇంట్లో ఏడుస్తూ చెప్పాను. ఐదో ఇంటికి ఏడవడానికి తీరిక లేకపోయింది. పదో ఇంట్లో "బొట్టు నేనే పెట్టినా, భయపడి, వదినకు గాజులు, ఇప్పుడే రండి" అని ఒక్క ఊపున అనేశాను. నిమ్మకాయ బద్దలు పెట్టినామె వాటిని కాలితో పక్కకు నెట్టి "ఓసి నీ తెలివి తెల్లారా!" అని పకపకా నవ్వింది. ఒకామె పిండి చేతులతోనే వచ్చింది. ఇద్దరు రానన్నారు. వాళ్లకు నామీద కోపం, అది వాళ్ల తప్పు కాదు. మిగిలినవాళ్లందరూ వెంట వచ్చారు. ముందు పెద్దత్త, ఆమె చేతిలో నా జబ్బ, వెనక ఆడవాళ్ల గుంపు. దుకాణం ముందు బల్ల మీది పెద్దమనుషులు రాజధాని సంగతి ఆపి మరీ చూశారు.

తర్వాత ఆ జనానికి మా ఇల్లు చాలలేదు. పెద్దత్తే ముందు కూర్చొని వదిన చేతికి గాజులు తొడిగింది. తొడుగుతూ నా భాగోతమంతా చెప్పింది. నేను పారిపోయింది, తలుపులు కడిగింది, పసుపునీళ్లు, అన్నీ. ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. వదిన కూడా అందరితో పాటు నవ్వింది. మోచేతుల దాకా గాజులు నిండాయి. గాజులాయన ఇంకో ఇంటికి పోవాలన్న సంగతే మరిచిపోయాడు. అమ్మ నన్ను తర్వాత చూసుకుంటానన్నట్టు కళ్లతోనే చెప్పి, తాంబూలాలు పంచింది.

అందరూ వెళ్లాక, దీపాలు పెట్టే వేళకు వదిన నన్ను దగ్గరికి పిలిచింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తిట్టనూ లేదు.

"పాపా, అవ్వతో నేననిన మాట నువ్వు ఇన్నావు గదా?"

"ఇన్నా వదినా."

"ఇన్నాక ఎంతసేపుండి పోయినావు పెద్దత్త దగ్గరికి?"

ఈ ఒక్కదానికైనా అబద్ధం చెప్పకూడదనుకున్నాను. "చెంబు తోమినా."

"ఒకసారా?"

"మూడుసార్లు."

వదిన చేతి గాజులను వెనక్కి జరుపుకుంది.

"నువ్వు చెంబు తోమినంతసేపూ నేను కడుపు మీద చెయ్యి పెట్టుకోని కూచున్నా పాపా. బిడ్డ కదల్లేదు. ఇది గూడా పోయిందిలే అనుకున్నా. పెద్దత్త వచ్చి నా చెయ్యి పట్టుకున్నాక కదిలింది."

నేను ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. గట్టిగా, నోరంతా తెరిచి ఏడ్చాను. వీధిలో వాళ్లందరికీ వినపడి ఉంటుంది. ఎవరేమనుకుంటారో అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.